బెర్నడీన్ కుర్చీని జరిపినవాడు

బెర్నడీన్ హుడాక్‌కి కోపం వస్తే వీధిలో కుక్కలు కూడా నోరు మూసుకుంటాయని మా వెస్ట్ కార్లిన్‌లో అంటారు. అబద్ధం. కుక్కలు ఇంకా ఎక్కువ మొరుగుతాయి. బడి వంటశాలలో పనిచేస్తూ పిల్లల గోలని మించి వినబడేలా అరిచి అరిచి ఆమె గొంతు అలా తయారైంది. భోజనాల దగ్గర మొగుణ్ణి ఉప్పు అందించమంటే పక్కింటి రోజలీ పాల్కో వాళ్ళింట్లోంచి ఉప్పు డబ్బా పట్టుకుని బయటికి వచ్చేది.

అలాంటి మనిషి కుర్చీని జరిపాడు ఆ బ్రాంట్లీ. ఎంత ధైర్యమో చూడండి! ధైర్యం కాదులెండి, తెలియనితనం. ఆ రెండూ దూరం నుంచి ఒకేలా కనబడతాయి.

పిట్స్‌బర్గ్‌కి నది అవతల మా కొండ మీద కుర్చీ అంటే కూర్చోవడానికే కాదు. మంచు కురిసిన రోజు నడుం పడిపోయేలా పారతో తవ్వి, ఇంటి ముందు కారుకి చోటు చేసుకుంటాం. పనికి వెళ్ళేటప్పుడు ఆ చోట్లో ఓ పాత కుర్చీ పెట్టి వెళ్తాం. తిరిగొచ్చేసరికి చోటు మనదే. మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకోని ఇళ్ళున్నాయి, గోడ కోసం కోర్టుకెక్కిన అన్నదమ్ములున్నారు. కానీ ఒకరి కుర్చీని ఇంకొకరు జరిపిన వీధి మాత్రం లేదు. ఏ చట్టంలోనూ ఇది రాసి లేదు. రాయాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఊరి ఆటల కేంద్రంలోనూ అదే పద్ధతి. ఈత, కుండలు చేయడం, పెద్దవాళ్ళ పోల్కా నాట్యం, ఇలా ప్రతి ఋతువుకీ కొత్త తరగతులు పెడతారు, కొత్తగా పేర్లు రాసుకుంటారు. ముందురోజు సాయంత్రం తలుపు ముందు కుర్చీ పెట్టి ఇంటికెళ్ళి వెచ్చగా పడుకోవడం, పొద్దున్న కాఫీ ఫ్లాస్కుతో వచ్చి అందులో కూర్చోవడం. మొదటి కుర్చీ మొదటి పేరు. బెర్నడీన్‌ది వంటింటి కుర్చీ, ఎర్ర సీటు, ఒక కాలికి నల్ల టేపు చుట్టి ఉంటుంది. అది ఎక్కడున్నా ఊళ్ళో అందరూ గుర్తుపడతారు.

ఆమెకి కావలసింది ఒకటే తరగతి. గోరువెచ్చని కొలనులో కీళ్ళనొప్పులవాళ్ళకీ పక్షవాతం వచ్చినవాళ్ళకీ నేర్పే నడక. పన్నెండు మందికే చోటు. అది తనకోసం కాదు, రీజిస్ కోసం. రీజిస్ బస్సు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి కుడికాలు, మాటల్లో చాలా భాగం పోయాయి. నేల మీద అయితే వాకర్ ఒకవైపు, పెళ్ళాం భుజం ఇంకోవైపు ఉండాల్సిందే. గుండెల దాకా నీళ్ళుంటే మాత్రం ఎవరినీ పట్టుకోకుండా నడిచేవాడు. అతను మొదటిసారి ఆ గట్టు నుంచి ఈ గట్టుకి ఒంటరిగా నడిచొచ్చిన రోజు బెర్నడీన్ బూతులు తిట్టింది. సంతోషం వచ్చినా ఆమెకి అవే మాటలు వస్తాయి. ఆస్పత్రివాళ్ళు చేతులెత్తేశారు. ఆ నీళ్ళు తప్ప అతనికి ఇంకో దారి లేదు.

ఆ చలికాలం కేంద్రానికి కొత్త అధికారి వచ్చాడు. అతనే బ్రాంట్లీ. ఎక్కడో దక్షిణాది నుంచి వచ్చిన కుర్రాడు. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతాడు. పేర్లు ఇకపై కంప్యూటర్‌లో కూడా నమోదు చేసుకోవచ్చని తలుపుకి కాగితం అంటించాడు. బెర్నడీన్ ఊరికే ఉండే రకమా? నేరుగా వెళ్ళి అడిగింది.

"బాబూ, నాకా కంప్యూటర్లూ గింప్యూటర్లూ పడవు. రేపు పొద్దున్న కౌంటర్ దగ్గర రాసుకుంటారా, లేదా?"

"తప్పకుండా మేడమ్. తొమ్మిదింటికి తలుపు తీస్తాం. వరుసలో ముందున్నవాళ్ళకి ముందు."

"అంతే కదా? ఇంకేం మెలిక లేదు కదా?"

"ఏం లేదు మేడమ్. అందరికీ సమాన అవకాశం," అని నవ్వాడు.

అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సింది చెప్పలేదు. కంప్యూటర్‌లో పొద్దున్న ఆరింటికే మొదలవుతుందన్న ముక్క అతని నోట రాలేదు. తెల్లారకముందే అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉంటాయని అతని నమ్మకం. కుర్చీ పెడితే చోటు దక్కినట్టేనని ఈమె నమ్మకం.

ఆ సాయంత్రం ఎర్ర కుర్చీ అందరికంటే ముందు తలుపుకి ఆనుకుని నిలబడింది. వెనక రోజలీ మడత కుర్చీ, ఆ వెనక ఇంకొన్ని. పొద్దున్న రీజిస్‌కి కాఫీ పట్టి, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని బెర్నడీన్ వెళ్ళేసరికి తలుపు ముందు ఒక్క కుర్చీ లేదు. మంచులో వాటి కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి.

"ఒసే బెర్నీ, మన కుర్చీలేవే?" రోజలీ అటూ ఇటూ చూసింది. "దొంగలు పడ్డారా?"

"ఈ ఊళ్ళో కుర్చీ ఎత్తుకెళ్ళే దొంగ ఇంకా పుట్టలేదు."

భవనం వెనక్కి వెళ్ళి చూస్తే అక్కడున్నాయి అన్నీ. చెత్తకుండీ పక్కన ఒకదాని మీద ఒకటి పడేసి ఉన్నాయి. అన్నిటికీ అడుగున ఎర్ర కుర్చీ, టేపు చుట్టిన కాలు వంకరపోయి. బెర్నడీన్‌కి ఒళ్ళు మండిపోయింది. దాన్ని అడుగునుంచి ఒక్క గుంజు గుంజింది. ఆమె మొహం చూసి రోజలీ భయపడి రెండడుగులు వెనక్కేసింది.

తలుపు తీయగానే వంకర కుర్చీ కౌంటర్ మీద ధన్‌మని పెట్టింది బెర్నడీన్.

"ఇది ఎవరు తీశారు?"

"నేనే తీయించాను మేడమ్," అన్నాడు బ్రాంట్లీ. "తలుపుకి అడ్డంగా ఉన్నాయి. నిప్పంటుకుంటే మనుషులు బయటికి ఎలా వస్తారు?"

"రాత్రి తాళం వేసిన భవనంలోంచి ఎవడు వస్తాడయ్యా బయటికి? దయ్యాలా? సరే, నీతో తర్వాత తేల్చుకుంటా. ముందు రీజిస్ హుడాక్ పేరు రాయి, నీళ్ళలో నడక."

అతను మీటలు నొక్కి, తల ఒక పక్కకి వంచాడు. "అయ్యో, అది నిండిపోయింది. ఆరింటికి తెరిస్తే అయిదు నిమిషాల్లో నిండిపోయింది. ఎంత ఆదరణో చూశారా! మీవారిని వెయిటింగ్ లిస్టులో పెట్టనా?"

"నిండిపోవడమేంటి? తలుపే ఇప్పుడు తీశావు. మొదటి కుర్చీ నాది!"

"కుర్చీ మనిషి కాదు కదా మేడమ్," అన్నాడతను, చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టు మెత్తగా.

ఆ మెత్తదనానికి ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. ఆ తర్వాత ఆమె అన్న మాటల్లో ఇక్కడ రాయదగ్గవి రెండో మూడో ఉన్నాయి. నీ కళ్ళు నెత్తికెక్కాయంది. నిన్ను కన్నతల్లి నీకు ఎదుటివాళ్ళ వస్తువు ముట్టుకోకూడదని నేర్పలేదా అంది. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు. రీజిస్ పేరు వెయిటింగ్ లిస్టులో పెట్టి, హేవ్ ఎ నైస్ డే అన్నాడు.

సరే, తరగతి మొదలైన రోజు ఎవరైనా రాకపోతే దక్కుతుందేమో అని ఆమె రీజిస్‌ని తీసుకెళ్ళింది. అక్కడ బట్టలు మార్చడం కష్టమని ప్యాంటు లోపల ఈతలాగు ఇంటి దగ్గరే తొడిగింది. కొలను దగ్గర బల్ల మీద కూర్చోబెట్టింది. నీళ్ళలో నలుగురే ఉన్నారు. పన్నెండు మందిలో నలుగురు! మిగతావాళ్ళు నది అవతల కొత్త అపార్ట్‌మెంట్ల వాళ్ళు. మంచం మీద పడుకుని ఫోన్లో ఒకసారి వేలితో నొక్కారు, తర్వాత మర్చిపోయారు.

"రానివాళ్ళ చోటు కూడా వాళ్ళదే మేడమ్," అన్నాడు బ్రాంట్లీ. "వాళ్ళంతట వాళ్ళు వదులుకుంటే తప్ప కంప్యూటర్ పేరు తీయదు."

"నువ్వు తియ్యి! నీకు చేతుల్లేవా?"

"నా చేతిలో ఏం లేదండి."

రీజిస్ చెయ్యి ఎత్తి నీళ్ళ వైపు చూపించాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. "ఖాళీ," అన్నాడు. అతన్నుంచి ఒక్క మాట బయటికి రావాలంటే నుదుటి మీద చెమట పడుతుంది. మళ్ళీ పెళ్ళాం వైపు తిరిగి, తనకి అర్థం కానిదేదో ఆమెకి తెలుసేమో అన్నట్టు అడిగాడు. "ఖాళీ?"

బెర్నడీన్ అతనికి ప్యాంటు తొడిగి ఇంటికి తీసుకొచ్చింది. తర్వాతి వారం కూడా తీసుకెళ్ళింది, ఆ తర్వాతి వారమూ తీసుకెళ్ళింది. అదే బల్ల, అవే ఖాళీ నీళ్ళు. నాలుగోసారి లాగు తెస్తే రీజిస్ మొహం గోడకి తిప్పుకున్నాడు. బతిమాలింది, తిట్టింది, లాగు మంచం మీద పడేసి వంటింట్లోకెళ్ళి క్యాబేజీని కసిదీరా తరిగింది. అప్పటినుంచి అతను కుర్చీలోంచి లేవడమే తగ్గించాడు. కాలు బిగుసుకుపోతోంది. పొద్దున్నే ఆ కాలికి నూనె రాస్తూ ఆమె బ్రాంట్లీని తిట్టుకోని రోజు లేదు.

ఫిబ్రవరిలో పెద్ద మంచు పడింది. వీధులన్నీ మూసుకుపోయాయి. రీజిస్ మందుల కోసం కొండ దిగుతున్న బెర్నడీన్ కోల్‌వెల్ వీధి మలుపులో టక్కున ఆగిపోయింది. ఒక అద్దె ఇంటి ముందు అంచులు చెక్కినట్టు శుభ్రంగా తవ్విన చోటు ఉంది. ఆ చోటు నడుమ కొత్త మడత కుర్చీ, చేతి దగ్గర కాఫీ గ్లాసు పెట్టుకునే గుంట కూడా ఉంది. ఆ ఇంట్లో ఉండేది బ్రాంట్లీ. ఇంటి ఓనరో ఎవరో పద్ధతి నేర్పినట్టున్నారు.

జరిపేయొచ్చు. మంచులోకి విసిరేయొచ్చు. చెత్తకుండీ దగ్గరికి ఈడ్చుకెళ్ళినా ఆ వీధిలో ఎవరూ ఆమెని తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆమె చెయ్యి కుర్చీ దాకా వెళ్ళింది కూడా. అక్కడ ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఇంకొకరి కుర్చీని ముట్టుకోని చెయ్యి అది. అందుకని మందులు తెచ్చుకుని, ఇంట్లో ఇచ్చి, రీజిస్ దగ్గర ఉండమని రోజలీకి చెప్పి, తిరిగొచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

సాయంత్రం బ్రాంట్లీ కారు వచ్చింది. లైట్లు ఆమె మొహం మీద పడ్డాయి. ఆమె కదల్లేదు. హారన్ కొట్టాడు. వాకిళ్ళలోకి జనం వచ్చారు.

అతను అద్దం దించాడు. "మిసెస్ హుడాక్! ఏంటిది? లేవండి, నా చోటు అది."

"నీదని ఎవరు చెప్పారు?"

"నా కుర్చీ ఉంది కదా!"

"కుర్చీ మనిషి కాదుగా నాయనా. నేను మనిషిని. చూడు, చలికి ముక్కు కూడా కారుతోంది."

ఎవరో వాకిట్లోంచి పకపకా నవ్వారు. బ్రాంట్లీ కారు దిగాడు. మొహం ఎర్రబడింది. "పొద్దున్నంతా తవ్వానండీ! చేతులు బొబ్బలెక్కాయి, చూడండి! మీరొచ్చి ఊరికే కూర్చుంటే ఎలా?"

"నువ్వు తవ్వుతున్నప్పుడు నది అవతల ఎవడో మంచం మీద పడుకుని వేలితో నొక్కేశాడు. ఈ చోటు వాడిది. వాడు రాడు. వాడికి కారు కూడా లేదు. అయినా వాడిదే. నా చేతిలో ఏం లేదు."

"అది వేరు, ఇది వేరు!"

"ఎలా వేరు? చెప్పు. నాకు తొందరేం లేదు."

వెనక ఆగిన కార్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి, తర్వాత సంగతేంటో తెలిసి మానేశాయి.

"నా మొగుడు ఈతలాగు వేసుకుని నీ బల్ల మీద కూర్చున్నాడు," అంది బెర్నడీన్. గొంతు పెంచలేదు. ఆ గొంతు పెంచకపోవడం మేమెవ్వరం ఎప్పుడూ వినలేదు. "ఖాళీ అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి అతనికెంత కష్టమో నీకు తెలీదు. నీ పన్నెండు మందిలో వచ్చింది నలుగురు. నువ్వు ఆ నీళ్ళు చూశావు, అతన్నీ చూశావు, నవ్వావు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను."

లేచింది. కుర్చీ మడిచి మంచు దులిపి అతని చేతికిచ్చింది.

"పెట్టుకో నీ కారు. నువ్వు తవ్వావు, నీ చోటు నీది. ఇక్కడ మా పద్ధతి అదీ."

ఆ తర్వాతి మంగళవారం పొద్దున్న ఫోను మోగింది. తరగతి మొదలైన పది నిమిషాలకి కూడా ఖాళీగా ఉన్న చోట్లు గుమ్మం దగ్గర కాచుకున్నవాళ్ళకి ఇస్తారట, మిస్టర్ హుడాక్‌ని తీసుకురండి అన్నాడు బ్రాంట్లీ. గుమ్మం పక్కన గోడకి ఆనించి కుర్చీలు కూడా వేయించాడట. బెర్నడీన్ థాంక్స్ చెప్పలేదు. రీజిస్‌ని లాగు వేసుకోవడానికి ఒప్పించేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది.

అతను నీళ్ళలోకి దిగాడు. గట్టు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. నేర్పే అమ్మాయి రమ్మని పిలిచింది. ఒక చెయ్యి వదలబోయాడు, కుడికాలు లోపలికి మడతపడింది, గబుక్కున మళ్ళీ పట్టుకున్నాడు. డిసెంబరులో ఆ గట్టు నుంచి ఈ గట్టుకి ఒక్కడే నడిచిన మనిషి, ఇప్పుడు కమ్మీ వదల్లేకపోతున్నాడు. సిగ్గుతో పెళ్ళాం వైపు చూడలేదు.

బ్రాంట్లీ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఈసారి నవ్వలేదు. "మళ్ళీ నడుస్తారు కదండీ?" అని మెల్లగా అడిగాడు.

"నడిచిన రోజు వచ్చి అడుగు," అంది బెర్నడీన్, రీజిస్ మీంచి కళ్ళు తిప్పకుండా. "అప్పటిదాకా నాతో మాట్లాడకు."