గీజరు మీద పెన్సిలు సున్న

మా వీధి గీజరాయన పోయాడు. ఆ కబురు నాకు ఎవరూ కూర్చోబెట్టి మెల్లగా చెప్పలేదు. నేనే ఫోను చేసి, తిట్టి మరీ తెలుసుకున్నాను. ముందురోజు నుంచి మా గీజరు అడుగున నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ పొద్దున మనవరాలి చేత మళ్లీ ఆయన నంబరు కొట్టించాను. అవతల ఎత్తారో లేదో, "ఏమప్పా, నిన్నట్నుంచి ఫోను సేస్తాండాను, పలకవు. సచ్చినావా, బతికినావా?" అని అరిచాను.  పలికింది ఆయన కూతురు.

"నిన్న గుండెనొప్పంటే ఆసుపత్రికి తీసకపోతిమవ్వా. పొద్దున పోయినాడు నాయన."

డెబ్బై దాటినదాన్ని. నా నోటికి భయపడి మా వీధిలో కూరగాయల బండి కూడా అరుపు తగ్గించి పోతుంది. అట్లాంటిదాన్ని ఆ రోజు ఫోను పిల్ల చేతికి ఇచ్చేసి బాత్రూములోకి పోయి, కారుతున్న గీజరును చూస్తూ నిలబడ్డాను.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా మార్చి రాయనని దాని చేత ఒట్టు వేయించుకున్నాను. చదివేవాళ్లకు ముందే చెబుతున్నాను, నేను ఏడవడానికి కూర్చోలేదు, వాదించడానికి కూర్చున్నాను. ఆయన మీద ఒక నింద పడింది. "ఆ ముసలామె ఇంటికి ఏడుసార్లు పోయినా గీజరు లీకు ఆపలేకపోయినాడు, ఆయనకు పని రాదు" అని. ఆ ముసలామెను నేనే కాబట్టి సాక్షిని నేనే. ముద్దాయిని కూడా నేనే. అది ఎట్లాగో చెబుతాను.

ఆ నింద ఆయనతో పాటే కాలిపోయి ఉంటే నాకు ఇంత ఆయాసం లేదు. ఆయనకు ఒక్కతే కూతురు. ఐటీఐలో కరెంటు పని చదువుకుని, నాలుగేళ్లుగా తండ్రి వెంట నిచ్చెన మోసుకుంటూ ఇళ్లకు వచ్చేది. ఇప్పుడు తండ్రి రిపేరు అంగడి తలుపు తీయాలో మూయాలో ఆ పిల్ల తేల్చుకోవాలి. తండ్రికే పని రాదన్నాక కూతుర్ని ఎవరు పిలుస్తారు?

మా ఇంట్లో ముందు రాగి బాయిలరు ఉండేది. కొబ్బరిమట్టలు, చితుకులు వేసి కాచేదాన్ని. పొగకు కొత్త సున్నం నల్లబడుతోందని నా కొడుకు దాన్ని తీయించి గీజరు పెట్టించాడు. బిగించడానికి వచ్చింది ఈయనే. చెవి మీద పెన్సిలు, భుజాన సంచి. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"మంట కనపడకుండా నీళ్లు ఎట్ల కాగతాయప్పా?"

"లోపల కమ్మీ ఉండాదమ్మా. కరెంటు పారితే అది కాలతాది."

"నీళ్లల్లో కరెంటా? నన్ను సంపేదానికే వచ్చినావా?"

"నిన్ను సంపే కరెంటు ఇంకా పుట్టలేదులేమ్మా, పక్కకు జరుగు" అన్నాడు.

నన్ను పక్కకు జరగమన్న మగాడు మా ఆయన తరువాత ఈయనొక్కడే. జరిగాను.

పని మొదలుపెట్టే ముందు ఆయన గీజరును స్క్రూడ్రైవరు పిడితో తట్టి, చెవి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. పుచ్చకాయ బేరం చేసేవాళ్లు కూడా అంత శ్రద్ధగా తట్టరు. "మీ తిరుపతి బోరునీళ్లు తాగి దీనికి కడుపులో రాళ్లు పడినాయమ్మా" అని, అడుగు విప్పి తెల్లటి పెళ్లలు పేపరు మీద పోసి చూపించేవాడు. "సూడు, ఇంట్లోనే సున్నం బట్టీ పెట్టినావు." కాఫీ ఇస్తే వద్దనేవాడు, మజ్జిగ ఇస్తే రెండో చెంబు అడిగేవాడు. ఆయనది పలమనేరు వైపు. మా ఊళ్లో జనం స్వెట్టర్లు తీస్తే నవ్వేవాడు. "ఇది సలా? మా పక్క మార్గశిరంలో చెంబు ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టుంటాది." కొత్త గీజరు కొనమని మాత్రం ఎవరికీ చెప్పడు. ఎందుకు చెప్పవని అడిగితే, "ఆ మాట చెప్పేదానికి టీవీ ఉండాది కదమ్మా, నేనెందుకు?" అనేవాడు.

ఇక నా సంగతి.

మా పక్క ఆయుధపూజ అంటే ఇంట్లో తిరిగేది, కోసేది, కాలేది ఏదీ బొట్టు లేకుండా ఉండకూడదు. కత్తిపీట, గ్రైండరు, మిక్సీ, బోరు మోటారు, నా కొడుకు బండి, అన్నిటికీ పసుపు, కుంకుమ, మామిడాకు. మా అత్త నాకు నేర్పింది ఒకటే, బొట్టు ఎప్పుడూ నోటికి పెట్టాలని. కత్తిపీటకైతే అంచుకు, మోటారుకైతే నీళ్లు పడే చోట. గీజరుకు నోరు ఎక్కడ? స్టూలెక్కి వెతికాను. అడుగున చన్నీళ్ల గొట్టం దగ్గర చిన్న ఇత్తడి ముక్క ఉంది. దానికి ఒక సన్న రంధ్రం. అందులోంచి ఉండి ఉండి ఒక చుక్క రాలుతోంది. అదే నోరనుకున్నాను.

బొట్టు పెట్టాను. చుక్కకు జారిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ జారింది. పండుగనాడు బొట్టు జారితే ఊరుకునే మనిషిని కాను. కొత్తగుడ్డ చించి వత్తి చేశాను. పసుపు, సున్నం, గోధుమపిండి కలిపిన ముద్దలో దాన్ని ముంచి, చీపురుపుల్లతో రంధ్రంలోకి బాగా దోపాను. పైన పసుపుతాడు మూడు ముళ్లు వేసి మామిడాకు కట్టాను. చుక్క ఆగిపోయింది. పూజ పలికిందని మురిసిపోయాను.

నాలుగో రోజు గీజరు పక్క గొట్టం అతుకు దగ్గర నీళ్లు చిమ్మాయి. కోడలు ఆయన్ను పిలిచింది. ఆయన వచ్చి అతుకులో రబ్బరు వాసరు మార్చాడు. కింద మామిడాకు, బొట్టు చూసి చేతులు జోడించాడే కాని, పూజ చేసినదాన్ని మురికి చేతులతో ముట్టుకోకూడదని వదిలేశాడు. వారం తిరక్కుండా మళ్లీ చిమ్మింది. మళ్లీ వచ్చాడు. మళ్లీ వాసరు, మళ్లీ దండం. మూడోసారి వచ్చినప్పుడు మాత్రం ఆయన చెయ్యి గోడ మీద ఆగింది.

"ఈడ చుక్క రాలి గోడ తడిగా ఉండల్ల కదా. ఎండినాదేందబ్బా?"

పిడితో తట్టి విన్నాడు. మొహం మారిపోయింది. "స్విచ్చి తీసెయ్ మ్మా! అందురూ బయటికి పోండి!" అని కోడలి మీద అరిచాడు. ఆయన అరవడం అదే మొదలు. తలుపు వేసుకుని చాలాసేపు లోపలే ఉన్నాడు. బయటికి వచ్చేసరికి చొక్కా తడిసి ఉంది, కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉంది.

"ఏమైందన్నా?" అంది కోడలు.

ఆయన నా మొహం చూశాడు. నేను మిద్దె వాసాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాను. మాది సిమెంటు మిద్దె.

"ఏం లేదు మ్మా. నేను వేసిన వాసరే నాసిది" అని పిడికిలి తీసి జేబులో పెట్టుకున్నాడు.

కోడలు వంటింట్లోకి పోయాక నన్ను గీజరు దగ్గరికి పిలిచి పిడికిలి విప్పి చూపించాడు. నా వత్తి, నా పసుపుతాడు.

"నువ్వు దీన్ని దోపింది గీజరు ముక్కులో మ్మా. నీళ్లు కాగేకొద్దీ లోపల ఒత్తిడి పెరగతాది. ఈడ నుంచి ఊపిరి ఒదలతాది. ముక్కుకు గుడ్డ దోపితే నువ్వైనా నేనైనా ఏమైతాము?"

"అయితే బొట్టు పెట్టకూడదా? అది ఏం పాపం చేసింది?"

"కుక్కరుకు పెడతావా?"

"పెడతా."

"యాడ?"

"మూత మీద."

"విజిలు లోపల దూర్చవు కదా?"

"నాకేమన్నా పిచ్చా?"

ఆయన చెవి మీద పెన్సిలు తీసి, గీజరు ముందువైపు నట్టనడుమ రూపాయి బిళ్లంత సున్న గీశాడు. "ఈడ పెట్టు. ఎంత పెద్దదైనా పెట్టు. ఇంకేడా పెట్టబాక."

అక్కడితో నేను బుద్ధి తెచ్చుకుని ఉంటే ఈ వాదనే లేదు. సున్నలో బొట్టు పెట్టాను, నిజమే. కానీ ఆ చుక్క రాలే చప్పుడు వింటుంటే నాకు అన్నం సహించేది కాదు. ఇంట్లో ఏదైనా కారుతుంటే ఊరుకోవడం మా పుట్టింట్లో నేర్పలేదు. ఉగాదికి వత్తి పెట్టాను. వరలక్ష్మీ వ్రతానికి పెట్టాను. మళ్లీ ఆయుధపూజకు పెట్టాను. తరువాత ఒకసారి ఏ పండుగా లేకుండానే పెట్టాను. పెట్టిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట చిమ్మేది, ఆయన వచ్చేవాడు, వత్తి తీసి జేబులో వేసుకునేవాడు.

కోడలికి ఓపిక పోయింది. "ఏడుసార్లన్నా! ఏడుసార్లు! పని రాకపోతే రాదని చెప్పు."

"నా చెయ్యే ఈమధ్య సరిగా పడట్లేదు మ్మా" అని తల దించుకున్నాడు.

నేను ఆ పక్కనే కూర్చుని శనక్కాయలు వలుస్తున్నాను. నోరు ఎత్తలేదు. అంత పెద్ద నోరు, ఆ రోజుకు ఎక్కడ దాచుకున్నానో.

వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "నన్ను తిట్టు, పడతాను. మీ కోడలు రోజూ దీని కిందనే నీళ్లు పోసుకుంటాది. నా బిడ్డ దీని కిందనే నిలబడి పని చేస్తాది. అది పగిలితే వాళ్ల మీద పగలతాదమ్మా." ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. ఆ మరునాడు అడక్కుండానే వచ్చి, ఆ రంధ్రానికి సన్న గొట్టం తగిలించి కిటికీలోంచి బయటికి తీసి, నా పుదీనా కుండీలో వదిలాడు. "ఇంక కారేది లేదు. చెట్టుకు పోతాండాది." అంతే, నేను మళ్లీ వత్తి ముట్టలేదు. పుదీనా మాత్రం వీధికంతా పంచేంత పెరిగింది.

ఆయన పదకొండో రోజుకు కోడలితో కలిసి పోయాను. భోజనాల దగ్గర మా ఎదురింటామె నా పక్కనే కూర్చుంది. వడ తుంచుతూ, నలుగురికీ వినపడేట్టు అంది.

"మంచోడే పాపం. పనే రాదు. ఈ అక్క ఇంటికి ఏడుసార్లు పోయినాడు. ఇంక ఆ పిల్ల ఏం చేస్తాది? మనం కంపెనీ వాళ్లనే పిల్చుకోవల్ల."

వరుసలో తలలు ఊగాయి. సాంబారు బక్కెట్టు పట్టుకుని వడ్డిస్తున్న ఆ కూతురు మా విస్తళ్ల ముందే ఉంది. గరిటె బక్కెట్టులోనే ఆగిపోయింది. ఆ పిల్ల తల ఎత్తలేదు.

నేను విస్తరి ముందు నుంచి లేచాను. మోకాళ్లు పట్టేసి లేవడానికి కాస్త సేపు పట్టింది. ఆ సేపంతా అందరూ నన్నే చూశారు, అదీ మంచిదే అయింది.

"ఏమ్మే, ఆయనకు పని రాకపోవడం కాదు. నాకు బుద్ధి రాలేదు. గీజరు ముక్కులో వత్తి దోపింది నేను. ఏడుసార్లు పగలకుండా కాపాడింది ఆయన. మా ఇంట్లో నాకు మాట రాకూడదని తప్పు తన మీద ఏసుకున్నాడు. ఇంకొకసారి పనిరాదంటే నీ వడ నీ నోట్లో ఉండదు."

మా కోడలు నోరు తెరుచుకుని చూసింది.  నాకు పరువు పోయిందని తెలుసు. పోతే పోనీ అనుకున్నాను. చూద్దును కదా, ఎదురింటామె నన్ను చూడటం లేదు, వడను చూస్తోంది. చేతులు కడుక్కునే చోట నా కొంగు పట్టుకుంది.

"అక్కా... నీకూ సున్న గీసినాడా?"

"నీకూ అంటే?"

ఇంటికి లాక్కుపోయి వాళ్ల బాత్రూము చూపించింది. గీజరు నట్టనడుమ, కుంకుమ చెరిగినచోట, పెన్సిలు సున్న. "నేను చూయింగ్ గమ్ము పెట్టినానక్కా" అంది నేల చూస్తూ. "రెండుసార్లే."

ఆ సాయంత్రానికి మా వరుసలో ఐదు ఇళ్లలో సున్నలు తేలాయి. ఒకామె మైనం పెట్టిందట, ఇంకొకామె పొంగలి మెతుకులు. ఇన్నేళ్లుగా ఎవరికి వాళ్లం మనమొక్కరమే మూర్ఖులమని దాచుకున్నాం. ఐదుగురి గుట్టూ ఒక్క మనిషి జేబులో ఉండింది.

నా కొడుకు ఆ పదకొండు రోజులూ వేరేవాళ్లను పిలుస్తానని పోరు పెట్టాడు. నేను గ్యాసు పొయ్యి మీద నీళ్లు కాచుకుని, ఆ పిల్ల వచ్చి చూసేదాకా ఎవరూ ఆ గోడ ముట్టుకోకూడదని కూర్చున్నాను. పన్నెండో రోజు ఆ పిల్ల వచ్చింది. పిడితో తట్టింది. చెవి ఆనించి కళ్లు మూసుకుంది.

"లోపల తుప్పు పట్టి బొక్క పడిందవ్వా. ఇది ఇంక కాదు. ముసలిదైపోయింది."

"ఎవుర్నే ముసలిదంటాండావు?"

"గీజర్నవ్వా, గీజర్ని" అని, పదకొండు రోజులకు మొదటిసారి నవ్వింది.

కొత్తది తెప్పించాం. నిచ్చెన ఎక్కి ఆ పిల్లే బిగించింది. నేను కింద స్టూలు వేసుకుని కూర్చుని ప్రతి స్క్రూకూ ఒక మాట అడిగాను, విసుక్కోకుండా చెప్పింది. మధ్యలో ఎదురింటామె గుమ్మంలోకి వచ్చి, "మా దాంట్లో రాళ్లు తీయల్ల మే, ఎప్పుడొస్తావు?" అని అడిగి పోయింది. ఆ పిల్ల పాత సన్నగొట్టాన్ని కొత్తదానికి తగిలించి, కిటికీలోంచి పుదీనా కుండీలోకి వదిలింది. స్విచ్చి వేసింది. రెండు చెంబులు మజ్జిగ తాగింది.

పనిముట్లు సంచిలో సర్దుకుని గుమ్మం దాకా పోయి, ఏదో మరిచినట్టు వెనక్కి వచ్చింది. చెవి మీద నుంచి పెన్సిలు తీసింది. కొరికి కొరికి సగమైన పాత పెన్సిలు, నేను గుర్తుపట్టాను. ఎవరూ ఏమీ చెప్పకుండానే, మెరుస్తున్న ఆ తెల్లటి గీజరు నట్టనడుమ ఒక సున్న గీసింది. వాళ్ల నాయన గీసినంత గుండ్రంగా రాలేదు. కొసలు కలవలేదు, కొంచెం సందు మిగిలింది.

నేను కుంకుమ భరిణె తెమ్మన్నాను. అది వచ్చేలోపు బయట పుదీనా మీద మొదటి చుక్క పడింది.