పన్నెండు వోల్టుల పంచాయితీ

ఈ రోజు పెద్దారవీడు వైపు నుంచి ఓ రైతు, భార్యతో కలిసి భజన మందిరం యాంప్లిఫయర్‌ని మార్కాపురంలో నా రిపేరు దుకాణానికి తెచ్చాడు. లోపల మెయిన్ సప్లై నలభై వోల్టులు. మైకు శబ్దాన్ని అందుకునే చిన్న బోర్డుకు పన్నెండే కావాలి. అందుకని రెసిస్టరు, వోల్టేజీని పన్నెండు దగ్గర నిలిపే జీనరు డయోడు పెట్టి తగ్గిస్తున్నానని చెప్పాను. అది వినగానే ఆయనకు మండింది.

“ఏంది అన్నా, లో వోల్టేజీకి మా మోటార్లు కాలిపోయినాయని మేం మొత్తుకుంటుంటే నువ్వు గూడా తగ్గిస్తుండావా? నలభై ఉంటే నలభై ఇయ్యి!”

నేను నోరు తెరిచేలోపే ఆయన భార్య అందుకుంది. “మిరప నారు మీదికి బోరు నీళ్ళన్నీ ఒక్కసారే వదుల్తావా? కొట్టుకపోదా?”

ఇన్నేళ్ళలో నేనెవరికీ ఇంత తేలిగ్గా చెప్పలేకపోయాను. ఆయన, “అయితే కరెంటోళ్ళు మా మోటార్లను ఇంకా నారే అనుకుంటుండారు” అన్నాడు.

ఆ నారు చెట్టయ్యేదెప్పుడో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఆయనకు కబురు పెడతాను.