కిటికీ మూసిన నేరం

నేను పెంచి చెప్పే మనిషిని. కాస్త తగ్గించుకుని చదవండి. మెషీన్ ట్రైనింగ్‌కని పటాన్‌చెరు నుంచి దక్షిణ జర్మనీలోని ఓ పల్లెకు వెళ్లాం. రోగులు మంచి గాలి కోసం వచ్చి ఉండే ఊరది. గాలి మీద ఊరంతా బతుకుతుందంటే నాకు కళ్లు తిరిగాయి.

పొద్దుగూకగానే నాతో వచ్చిన ఫిట్టర్ యాదగిరి అరిచాడు: "అన్నా, కిటికీ మూయి జల్దీ! గాలొస్తది!"

మూశాను. మేం దిగిన ఇంటి యజమానురాలు, ఏడడుగుల మనిషి, మెట్లు అదిరేలా పరుగెత్తుకొచ్చింది. "మా గాలికేమైంది?" అంది.

"అమ్మా, మీ గాలి మంచిదే. మా దిక్కు సాయంత్రం కిటికీ తీస్తే కంపెనీల వాసనకు పోరగాండ్లు దగ్గుతరు. గదే అలవాటు," అన్నాడు యాదగిరి. నేను ఇంగ్లీషులో చెప్పాను.

 ఆవిడ కిటికీ రెక్కలు ఊడబెరికి, భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఊడబెరకడం నా కల్పన. బార్లా తెరిచి, ఇంకో రెండు దుప్పట్లిచ్చి వెళ్లింది. ఏడడుగులూ అబద్ధమే. పిల్లల దగ్గు మాత్రం నేను పెంచలేదు.