భోజనం తర్వాత మూడుసార్లు

ఎన్ని పూటలు తింటావని అడక్కుండా, మందు మింగలేదని నా భార్యను కసరడం అన్యాయం. తొంభైల్లో ఆమెకు ఆయాసమొస్తే మదనపల్లె ఆసుపత్రిలో చేర్చాను. భోజనం తర్వాత మూడుసార్లు మాత్ర వేసుకోమని ఇంటికి పంపారు. నెల తిరక్కుండానే మళ్లీ చేర్చాల్సి వచ్చింది.

"ఇన్ని మాత్రలు మిగిలుండాయే, యాల మింగలేదమ్మా?" అంది నర్సు.

"మధ్యాన్నం తింటే గదమ్మా మింగేది! మాకు పొద్దన్నే ఒకసారి, రాత్రికి ఒకసారి సంగటి, అంతే," అంది నా భార్య.

అయినా మళ్లీ అదే చీటీ రాసిచ్చారు. పక్క మంచాలవాళ్లను నేనే అడిగాను. తిరిగొచ్చినవాళ్లు చాలామంది రెండు పూటలవాళ్లే. పంపేముందు ఈ ఒక్క మాట అడిగితే ఎవరు తిరిగొస్తారో ముందే తెలుస్తుందని పెద్ద డాక్టరుకు ఉత్తరం రాశాను. మూడో ఉత్తరానికి జవాబొచ్చింది.

"అయ్యా, అడిగి చూశాను. మీరన్నది నిజమే. ఇకమీద అందరినీ అడుగుతాము. మీ ఆవిడను తీసుకురండి, రెండు పూటల మందు రాస్తాను."