నెర్రెల పలక

దాచేపల్లి దగ్గరి నాపరాళ్ళ క్వారీలో ఇస్సాకు పని పలక మీద నీళ్ళు చల్లడంతో మొదలవుతుంది. పలకంతా ఆరిపోయాక కూడా ఎక్కడైనా సన్నటి తడిగీత మిగిలితే లోపల పగులున్నట్టే. సుద్దతో అడ్డగీత కొట్టి పక్కకు తోసేస్తాడు. ముప్పయ్యేళ్ళుగా ఇదే పని చేసి ఆయన వేళ్ళు కూడా రాతి రంగుకు తిరిగాయి. ఎండిన చెరువు అడుగులా నెర్రెల అచ్చున్న పలకలనైతే నీళ్ళు కూడా చల్లకుండానే తోసేస్తాడు. వాటిని చూస్తే, వానల్లేక బీటలు వారిన తన మిరపచేను గుర్తొస్తుంది.

ఆ రోజు విద్యార్థులతో వచ్చిన కాలేజీ లెక్చరర్ ప్రత్యూష, తోసేసిన ఆ పలకల ముందే మోకరిల్లినట్టు కూర్చుంది.

"ఇది కోట్ల ఏళ్ళ కిందట ఎండిన బురద, పెద్దాయనా. ఇంతకంటే చానా ముందు, ఇట్టాంటి మడుగుల్లోనే మొదటి ప్రాణం మొదలై ఉండొచ్చంటారు. నీళ్ళలో విడివిడిగా తేలే అణువులు, మడుగు ఎండినప్పుడు దగ్గరికొచ్చి అతుక్కున్నాయంట."

ఇస్సాకు సుద్దముక్క పక్కన పెట్టి దగ్గరికొచ్చాడు.

"ఏందమ్మా నువ్వనేది? ఎండితే ప్రాణం పుట్టిద్దా? ఎండిపోబట్టే గదా నేను సేద్యం మానేసి ఈ రాళ్ళలో పడింది."

"ఒక్కసారి ఎండితే చాలదు. మళ్ళీ తడవాలి, మళ్ళీ ఎండాలి. అట్టా లెక్కలేనన్నిసార్లు."

ఇస్సాకు తోసేసిన పలకల గుట్ట వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఇలాంటివి ఎన్ని తోసేశాడో. వాళ్ళ బస్సు వెళ్ళిపోయాక, ఒక నెర్రెల పలకను ముందుకు లాక్కుని నీళ్ళు చల్లాడు. అది ఆరేదాకా కదలకుండా చూశాడు. ఆరాక, మళ్ళీ చల్లాడు.