గుడ్డ కింద డబ్బా

మొదటి రోజే మేడమ్ ఒక చెక్క దిమ్మ నా ముందు పెట్టి, "దీనికి ముందు యేదో, ఎనక యేదో జెప్పు అన్నా" అన్నారు. తిప్పి తిప్పి చూశాను. ఏ వైపు నాకు ఎదురుగా ఉంటే అదే ముందు అనిపించింది. ఆ మాటే చెప్పాను. ఆమె అవుననలేదు, కాదనలేదు. పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ చదువంతా నాకు దాదాపు అలాగే గడిచింది.

పత్రికలో డెస్కు ఉద్యోగం మానేశాక కరీంనగర్‌లోనే ఒక చిన్న ఆర్ట్ స్కూల్లో చేరాను. చేతిపనులు, వస్తువుల డిజైన్ నేర్పుతారు. అంతవరకు కాలమ్ వెడల్పులో ఆలోచించినవాణ్ణి. పేజీకి పైనా కిందా ఉంటాయి, కుడీ ఎడమా ఉంటాయి. దాని వెనక ఉన్నది వేరే పేజీ, వేరేవాళ్ళ తలనొప్పి. వస్తువుకు అట్లా కాదని పాఠం వింటుంటే అర్థమయ్యేది. ఉలి పట్టుకోగానే మళ్ళీ అర్థం కాకుండా పోయేది.

ఇద్దరిద్దరికి కలిపి ఒక పని ఇచ్చారు. నా జోడీ బజారులో స్టీలు సామాన్ల దుకాణం వాళ్ళ అమ్మాయి. నా కూతురికన్నా చిన్నది. చేయాల్సిన వస్తువు ఏదైనా సరే, దాన్ని ఎట్లా పట్టుకోవాలో చూడకుండానే చేతికి తెలియాలి. పరీక్ష కూడా అట్లాగే ఉంటుంది. వస్తువు మీద గుడ్డ కప్పుతారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు కిందికి చేయి పోనిచ్చి, తడిమి, లేపి చూస్తారు. ఆ తర్వాతే గుడ్డ తీస్తారు. ఇది మేడమ్ పెట్టిన పద్ధతి. ఆమెది ఆదిలాబాద్. చిన్నప్పుడు కరెంటు లేని ఇంట్లో ప్రతి వస్తువునూ చేత్తోనే గుర్తుపట్టేవాళ్ళమని ఒకసారి చెప్పారు.

పొనికి కర్ర కోసం ఆమె మమ్మల్ని బస్సులో నిర్మల్ తీసుకెళ్ళారు. బొమ్మలు చేసే కర్ర అది, గోరు గుచ్చితే దిగేంత మెత్తనిది. మెట్‌పల్లి దాటాక వాన పట్టుకుంది. కిటికీ అద్దం పైకి లాగుతూ నా జోడీ తన సంగతి చెప్పింది.

"నాకు మెటల్ సెక్షన్ల సీటు గావాలె అంకుల్. మా అబ్బా బట్టల సెక్షన్ల చేరుమంటుండు. మనం గిన్నెలు అమ్మెటోళ్ళం గనీ చేసెటోళ్ళమా అంటడు."

"మరి నువ్వేమన్నవ్?"

"స్కూలోళ్ళే సీటిస్తే అప్పుడేమంటవ్ అన్న. ఇస్తే సూద్దాం అన్నడు. గంతే. ఇప్పుడు గీ పని మంచిగ రాకుంటే నేను జిందగీ అంతా జాకెట్లు కుట్టాలె."

"నీకు నన్ను జోడీ వేసినప్పుడు భయం కాలేదా?"

"అయింది" అంది, చాలా మామూలుగా.

చాయ్‌పత్తి పోసుకునే మూత డబ్బా చేద్దామనుకున్నాం. డబ్బా ఆమెకు, మూతా పిడీ నాకు. పిడి మీద నాకు చాలా నమ్మకం. చేతికి తెలియాలంటే పిడిని మించినది ఏముంటుంది? వేళ్ళు ఇమిడేలా గాడులు చెక్కాను, బొటనవేలికి చిన్న దిండు లాంటిది పెట్టాను. గీసిన బొమ్మలో డబ్బా నున్నగా, గుండ్రంగా ఉంది. ఆమె చేతిలో అది రోజురోజుకూ మారిపోయింది. ఒక పక్క కొంచెం లోపలికి, దానికెదురుగా ఇంకొంచెం లోపలికి.

"ఇట్ల గీయలేదు గదా మనం" అన్నాను.

"అరిగింది అంకుల్."

"అరిగిందా, అరగదీసినవా?"

"రెండు" అంది. నాకు అర్థం కాలేదు. మేడమ్‌కు చూపించాను. ఆమె చేతిలోకి తీసుకుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, తిరిగి ఇచ్చేశారు. బాగుందో, బాగాలేదో, డబ్బా గురించి అసలు ఆలోచించారో లేదో తెలియలేదు.

పరీక్ష ముందు రోజు చింతగింజల జిగురుతో డబ్బా పక్కకు పిడి అతికించాం. ఉత్త కర్ర బోసిగా ఉందని ఆమె అంది, నాకూ అట్లాగే అనిపించింది. చిలకపచ్చ రంగు వేశాం. బయట ముసురు. పొద్దునకల్లా ఆరుతుందనుకున్నాం. ఆరలేదు. మేము గమనించేసరికి గుడ్డలు కప్పేశారు.

"చెప్తమా?" అన్నాను.

"నక్కో, వద్దు అంకుల్. తీసి పక్కన పెడుతరు."

మొదటి పరీక్షకుడు గుడ్డ కింద చేయి పెట్టాడు, తడిమాడు, డబ్బాను లేపి దించాడు. చేయి బయటికి తీసి పచ్చని వేళ్ళు చూసుకున్నాడు. చేయి వెనక్కి పెట్టుకుని పక్కకు జరిగాడు. రెండో ఆయన చేయి పెట్టాడు. ఆయనా చూసుకున్నాడు, మొదటాయన వంక చూశాడు, తనూ చేయి వెనక్కి పెట్టుకున్నాడు. మూడో ఆవిడ మాత్రం పచ్చని వేళ్ళు చూపించి, "మీరిద్దరు మంచోళ్ళే" అంది వాళ్ళతో.

మేడమ్ గుడ్డ పైకెత్తారు. కొంత రంగు గుడ్డతో పాటే వచ్చింది. నా జోడీ కళ్ళు నేలమీదే ఉన్నాయి. మేడమ్ మాత్రం డబ్బా చుట్టూ వంగి నెమ్మదిగా తిరిగారు. లోపలికి అరిగిన ఆ రెండు చోట్లా వేళ్ళ గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. మిగతా చోట్ల తడిమిన చారలు. పిడి నిగనిగలాడుతోంది. దాని మీద ఒక్క గీత కూడా లేదు.

"పిడి ఎవ్వరు ముట్టలే" అన్నారు మేడమ్.

పరీక్షకులు ముగ్గురూ పిడి వైపు చూశారు. "పిడి ఉందా?" అన్నాడు రెండో ఆయన.

మేము గెలిచామో ఓడామో సాయంత్రం దాకా తెలియలేదు. చీకటి పడే ముందు మేడమ్ పిలిచి ఆ అమ్మాయికి మెటల్ సెక్షన్ అని చెప్పారు. నాతో, "నువ్వు ఇంకొన్నొద్దులు కర్ర దగ్గర్నే ఉండు అన్నా" అన్నారు. అది శిక్షో, సలహానో ముఖం చూస్తే పోల్చుకోలేకపోయాను. ఇద్దరిదీ ఒకటే పని, ఒకటే రంగు. నా జోడీ వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి వచ్చింది. ఆయన ఏమన్నాడని అడిగాను.

"చేతులు కాల్చుకుంటే నన్ననకు అన్నడు." నవ్వు ఆపుకుంటోంది.

"వాళ్ళు అక్కడే పట్టుకుంటరని నీకెట్ల తెలుసు?"

"నాకేం ఎరక అంకుల్? రోజు గీడికెళ్ళి ఇంటిదాంక డబ్బాను చేతిలనే పట్టుకపోయిన. అప్పుడు పిడి యాడుంది? వేళ్ళు యాడ ఒత్తుకపోతే ఆడ గరుకు కాగితంతోని జర రాకిన."

మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను. మాటలన్నీ తెలిసినవే. అయినా ఎక్కడో జారిపోయింది. కళ్ళు మూసుకుని డబ్బా కోసం చేయి చాపాను. నా వేళ్ళు నేరుగా పిడి మీదికే పోయాయి.

"మీరు జేసిండ్రు గదా, మీకు ఎరకుంటది" అంది ఆ అమ్మాయి.

కళ్ళు తెరిచి చూస్తే పిడి మీద ఇంకా ఆరని రంగు చెదిరి ఉంది. దాని మీద పడిన మొదటి గుర్తులు నావే.