మా బావ గుటక వెయ్యడు

మా బావ రెస్టారెంట్లో వైను వడ్డిస్తాడు. ఏ సీసా ఏ వంటకి నప్పుతుందో తేల్చడం కూడా తన పనే. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క చుక్క గొంతు దిగనివ్వలేదు. నోట్లో పోసుకుంటాడు, పుక్కిలిస్తాడు, బకెట్లో ఉమ్మేస్తాడు. కొత్తగా చేరిన వెయిటర్లు పంటినొప్పేమో అనుకుంటారు.

ఇది మా అక్క పెట్టిన షరతు. మా నాన్న తాగి తాగి పోయాడు. అందుకే పెళ్లికి ముందే అక్క మొహమాటం లేకుండా చెప్పేసింది. "మీ ఉద్యోగం మీరు చేసుకోండి. చుక్క లోపలికెళ్లిందని తెలిస్తే మాత్రం మీ దారి మీది, నా దారి నాది." బావ రోజూ వైను వాసనతోనే ఇంటికొస్తాడు కాబట్టి వాసన చూసి పట్టుకునే వీల్లేదు. అక్క నమ్ముకున్నది బావ మాటనే.

చిక్కల్లా తిండితో. ఉత్త వైను రుచి ఉమ్మేసినా తెలుస్తుంది. తిండితో పొత్తు కుదిరిందో లేదో తేలాలంటే మాత్రం ముద్ద మింగి, వెంటనే గుక్క వేసి, అదీ మింగాలట. అక్కడే వంట చేసే నాకు ఆ మింగే పని పడింది. బావ ఉమ్ముతాడు, నేను మింగుతాను, ఇద్దరం కలిస్తే ఒక నోరు. ఈ సంగతి అక్కకి తెలియదు. తెలిస్తే ఇంకేమైనా ఉందా!

ఒకరోజు మధ్యాహ్నం ఇటలీ నుంచి కొత్త ఎర్ర వైను వచ్చింది, కియాంటి అని. సాయంత్రంలోగా మెనూ బోర్డు మీద దాని పక్కన ఒక వంట పేరు రాయాలి. బావ గ్లాసు తిప్పి, ముక్కు లోపల దూర్చేశాడు. పుక్కిలించి ఉమ్మాడు.

"పుల్ల చెర్రీపళ్ల వాసన. పులుపు బాగుంది. వగరే నాలుకని పట్టుకుని వదలట్లేదు. ఏం పెడితే లొంగుతుందో చూడు, మరదలు పిల్లా."

చేప ముక్కతో చూశాను. ఇనుప మేకు చప్పరించినట్టుంది. కారం దట్టించిన కోడి ముక్కతో వగరు కాస్తా చేదైంది.

"ఇది పెడితే కస్టమరు నిన్ను తిడతాడు, నువ్వొచ్చి నన్ను తిడతావు. వద్దు బావా."

ఇక మిగిలింది, టమాటాలు వేసి పొద్దుట్నుంచి సన్నమంట మీద ఉడికించిన మాంసం. ముద్ద మింగి గ్లాసు పెదాలకి ఆనించాను. వెనక తలుపు తెరుచుకుంది. బావ మరిచిపోయిన కళ్లజోడు పట్టుకుని అక్క నిలబడి ఉంది.

"ఎన్నాళ్ల నుంచే?" అంది నాతో.

"ఇక్కడ చేరినప్పట్నుంచి. గుక్కేనే అక్కా, రుచికి."

"నాన్న కూడా గుక్కే అనేవాడు."

నాకు ఏడుపొచ్చేసింది. నాన్న పోయాక నన్ను పెంచింది అక్కే.

"తప్పు నాది," అన్నాడు బావ. "నీకిచ్చిన మాట కోసం దీన్ని వాడుకున్నాను."

అక్క కళ్లజోడు బల్ల మీద పెట్టింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. "ఏముందో ఇందులో, నేనూ చూస్తాను," అంటూ నా గ్లాసు అందుకుంది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు ముద్ద. ఖాళీ నోటితో తాగితే వగరు తప్ప ఇంకేం తెలీదు."

అక్క చెయ్యి ఆగిపోయింది.

"నాన్న కంచం ఎప్పుడూ పెట్టింది పెట్టినట్టే ఉండేది," అంది మెల్లగా. "పొద్దున్నే నేనే పారబోసి కడిగేదాన్ని."

ముద్ద తింది. గుక్క వేసుకుని ముఖం చిట్లించి మింగింది. ఇంకో ముద్ద, ఇంకో గుక్క.

"కూరలో కొవ్వు తగిలాక వగరు ఎటు పోయిందో పోయింది. ఇదే రాయండి," అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "మీరు మాత్రం ఉమ్మెయ్యండి."

ఇప్పుడు కొత్త సీసా వచ్చినప్పుడల్లా అక్క వస్తుంది. నేను ముద్ద మింగేదాకా గ్లాసు తన చేతిలోనే పట్టుకుని కూర్చుంటుంది.